హరిశ్చంద్రోపాఖ్యానము - యోబు గ్రంథము: సామ్యవిచారము

నేఁడు కామారెడ్డి జిల్లాలోఁ జేరియున్న దోమకొండ యొకప్పుడు కామినేనివారి సంస్థానమునకు రాజధాని. అంతకు ముందు వారి యునికిపట్టు బిక్కనవోలు. అదియే యిప్పటి భిక్కనూరు, సిద్ధరామేశ్వరస్వామి వెలసిన క్షేత్రము. ఆ వంశమునఁ బదునాఱవ శతాబ్ది తుదను, బదునేడవ శతాబ్ది మొదటను వర్ధిల్లిన మల్లారెడ్డి రాచయింటఁ బుట్టియు గంటము పట్టిన కవి. షట్చక్రవర్తి చరిత్రము, శివధర్మోత్తరము, పద్మపురాణము అను మూఁడును ఆయన కృతులు. దోమకొండ కోట పునరుద్ధరణమునకు 2022వ సంవత్సరమున యునెస్కోవారి ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారములలో నొకటి లభించుటచేఁ గోట పేరు దూరదేశములఁ గూడ వినఁబడినది. కోటవారి పుస్తకముల పేరు మాత్రము తెలుఁగుదేశముననే యంతగా వినఁబడుట లేదు.

షట్చక్రవర్తి చరిత్రమునకు నాయకులైన యార్వురు హరిశ్చంద్రుఁడు, నలుఁడు, పురుకుత్సుఁడు, పురూరవుఁడు, సగరుఁడు, కార్తవీర్యుఁడు. పరంపరాగతమైన యీ పట్టికలో హరిశ్చంద్రునిది తొలి పేరు. రాజ్యము నేలువారి యింటఁ బుట్టిన కవి, రాజ్యమును ధారవోసి కాటికాపరియైన రాజును గావ్యమున కెత్తికొనుట సామాన్యవిషయము గాదు. ఈ హరిశ్చంద్రుని కథయు, యూదుల పవిత్రగ్రంథములలోని యోబు కథయు నొక్కటే యను మాట పాఠశాలలయందును, బురాణసభలయందును దఱచుగా వినవచ్చుచున్నది. ఇరువురును ధర్మాత్ములు, ఇరువురును సర్వస్వము గోల్పోయిరి, ఇరువురును దుదకుఁ బోయినదానిని మరల బడసిరి, కావున నొక్కటే యని యా తర్కము. ఇందువలన రెండు కథలకును నన్యాయము జరుగుచున్నది. సామ్యము లేకపోలేదు, గాని వారు చూపుచున్న చోట నది లేదు.

యూదుల గ్రంథములతోడి యీ పోలిక దోమకొండ ప్రాంతమునకుఁ గేవలము పరదేశపు సరకు గాదు. మల్లారెడ్డి కాలము గడచిన కొలఁది దశాబ్దులకే, ఆ యూరికి నూఱు కిలోమీటర్ల చేరువనున్న హైదరాబాదున, యూదుల తోరా పారసీకభాషకుఁ దిరుగుచుండెను. యూదకులమునఁ బుట్టి పిదప సూఫీ మార్గము నవలంబించిన సర్మదు అను కవి గోలకొండ సుల్తానగు అబ్దుల్లా కుతుబ్‌షా యేలుబడిలో నచట నుండఁగా, దబిస్తానె మజాహిబ్ అను సర్వమతసంగ్రహమును రచించిన పండితుఁ డాతనిని 1647లోఁ గలసికొని యూదమతవిశేషములను దెలిసికొనెను. సర్మదుని శిష్యుఁడైన అభయచందు ఆదికాండపు మొదటి యధ్యాయములను బారసీకమున వ్రాయఁగా, గురువు సరిచూచి యీయఁగా, నవి యా సంగ్రహమునఁ జేరినవి. సర్మదు పిమ్మట ఢిల్లీకిఁ బోయి ఔరంగజేబు కాలమున శిరశ్ఛేదము నొందెను. ఒకే దేశమునఁ దెలుఁగులో హరిశ్చంద్రుఁడును, బారసీకములో ఆదాము సంతతియు నించుమించుగా నొకే యుగమున వ్రాఁతకెక్కినను, ఒకదాని గాలి మఱియొకదానికి సోఁకిన జాడ కానరాదు. సామ్యవిచారమునకు నిది యొకవిధముగా మేలే: ఎరవుగాని పోలికలే విచారింపఁదగినవి.

మఱియొక సంగతి. యూదపండితులు తమ వాఙ్మయమును హలాఖా, అగ్గాదా అని రెండుగా విభజింతురు. చేయవలసినది, చేయరానిది విధించునది హలాఖా. కథ చెప్పి బుద్ధిగఱపునది అగ్గాదా. తల్మూదునందు రెండును బడుగుపేకలవలె నల్లుకొని యుండును. రబ్బీ సింలై యను నాచార్యుఁడు మోషేకుఁ జెప్పఁబడిన యాజ్ఞలు 613 అనియు, నందు విధులు 248, నిషేధములు 365 అనియు లెక్కకట్టెను. మన ధర్మశాస్త్ర పురాణములకును నీ సంబంధమే కలదు. మల్లారెడ్డి యొకచేత శివధర్మోత్తరమును, వేఱొకచేత షట్చక్రవర్తి చరిత్రమును రచించుట యిట్టిదే. సంస్కృత శివధర్మోత్తరమున నగస్త్యుఁ డడుగఁగా స్కందుఁడు ధర్మములను జెప్పును. గ్రంథమును వ్రాయించి, యూరేగించి, దానమిచ్చు విద్యాదానమున కందొక యధ్యాయమే కలదు. తోరాప్రతి నొకదానిని దనకై వ్రాసికొనవలయు నను నాజ్ఞ యూదుల పట్టికలోఁ గడపటిదిగా నెన్నఁబడుట చూచిన, పుస్తకమును బూజించిన జాతులు రెండు దూరమున నుండియుఁ జుట్టములవలెఁ దోఁచును.

ఇంక హరిశ్చంద్రులు. ఏకవచనము చాలదు, వైదికుఁ డొకఁడు, పౌరాణికుఁ డొకఁడు. ఐతరేయ బ్రాహ్మణము సప్తమపంచికలోని హరిశ్చంద్రునకు నూర్గురు భార్యలుండియు సంతతి లేదు. నారదుని మాటచే వరుణుని వేఁడి, పుత్రుఁడు పుట్టినచో వానితోనే నిన్ను యజింతు నని మాటయిచ్చెను. రోహితుఁడు పుట్టెను. వరుణుఁ డడుగవచ్చిన ప్రతిసారియు రాజు గడువు పెట్టెను: పదిదినములు గడవనిమ్ము, పండ్లు రానిమ్ము, పాలపండ్లు రాలనిమ్ము, మరల మొలవనిమ్ము, కవచము తొడుగనిమ్ము. తుదకుఁ గొడుకు విల్లు గొని యడవికిఁ బోయెను. తండ్రికి జలోదరము పట్టెను. సత్యమునకుఁ బేరైన హరిశ్చంద్రుని తొలిరూపము గడువులమీద గడువులు పెట్టు ఋణస్థునిది! ఈ విషయమును బాఠ్యపుస్తకము లేవియుఁ జెప్పవు.

మార్కండేయపురాణము నాఁటికి నీ రాజే విశ్వామిత్రునకు రాజ్యమిచ్చి, దక్షిణకై భార్యాపుత్రులను, దన్నును నమ్ముకొన్న మహాత్ముఁడయ్యెను. తిక్కన శిష్యుఁడగు మారన దానిని బదునాలుగవ శతాబ్దిఁ దెనిఁగించెను. పదునేనవ శతాబ్దిని గౌరన ద్విపదగా విస్తరించెను. ఇంద్రసభలో వసిష్ఠ విశ్వామిత్రుల పంతము మార్కండేయపురాణమున లేదు. కన్నడమున రాఘవాంకుని కావ్యమునందును, దెలుఁగున గౌరన ద్విపదయందును నది కథకు మూలకందమైనది. యోబు గ్రంథారంభమున నుండు దివ్యసభను జూచి, యీ పంత మచటినుండి వచ్చెనని తొందరపడి పలుకువా రుండవచ్చును. దానికి నాధారము లేదు. వసిష్ఠ విశ్వామిత్రుల పగ మనకుఁ బురాణప్రసిద్ధము; ఇంద్రసభ పంతముల కెన్నఁడును గొదవలేని చోటు. ఐతరేయ హరిశ్చంద్రుని యజ్ఞమున మాత్రము విశ్వామిత్రుఁడు హోతగాను, వసిష్ఠుఁడు బ్రహ్మగాను గలహము లేకుండ గూర్చుండిరి.

రెండు సభలను బక్కపక్కనఁ బెట్టి చూచిన భేదము తెల్లమగును. ఊజు దేశపు యోబునకు నేడ్వురు కొడుకులు, మువ్వురు కూఁతుండ్రు, ఏడువేల గొఱ్ఱెలు, మూఁడువేల యొంటెలు, ఐదువందల జతల యెడ్లు, ఐదువందల యాఁడుగాడిదలు. యోబు పేరును మొదట నెత్తినవాఁడు సాతాను గాఁడు, దేవుఁడే. హీబ్రూ మూలమున సాతాను అనునది యీ గ్రంథమునఁ బేరు గాదు, ఉద్యోగము: దోషమును వెదకి చెప్పు నభియోక్త. వాఁ డడిగిన ప్రశ్న యొక్కటియే, యోబు ఫలము లేకయే దేవుని భజించుచున్నాఁడా యని. మన సభలో వాదము హరిశ్చంద్రుఁడు బొంకునా బొంకఁడా యని. మఱియు హరిశ్చంద్రునకుఁ దుదను దేవతలు ప్రత్యక్షమై యిది పరీక్ష యని యెఱిఁగింతురు. యోబున కా సంగతి యెవరును జెప్పరు. పాఠకుఁ డెఱుఁగును, దేవదూత లెఱుఁగుదురు. అనుభవించినవాఁడు మాత్ర మెఱుఁగకయే మృతినొందెను. ఆ గ్రంథమున కిదియే ప్రాణము.

పోయినదానిని బడయుటలోను భేదము గొప్పది. యోబునకుఁ బశుసంపద యినుమడించెను: గొఱ్ఱెలు పదునాలుగువేలు, ఒంటెలు నాఱువేలు, ఎడ్లు వేయిజతలు, గాడిదలు వేయి. బిడ్డలు మాత్రము మరల నేడ్వురును మువ్వురునే. చచ్చినవారు లేచి రాలేదు, వేఱుబిడ్డలు పుట్టిరి. ఆ కూఁతుండ్ర పేళ్లు యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు అనియు, వారికిఁ గూడ సోదరులతోపాటు తండ్రి స్వాస్థ్యము నిచ్చెననియుఁ బ్రత్యేకముగాఁ జెప్పఁబడినది. మొదటి పదుగురి పేళ్లు చెప్పఁబడలేదు. పాముకాటునఁ బడిన లోహితాస్యుఁ డమృతవృష్టిచే లేచెను. మన కథ విన్నవాఁడు కన్నీరు తుడుచుకొని యింటికిఁ బోఁగలఁడు. యోబు కథ విన్నవానికి నా పదుగురు బిడ్డల సంగతి లోపల ములుకువలె మిగులును. దీనిని లోపమనరాదు. అన్నియు మరల దొరకవని తెలిసియు బ్రదుకు నంగీకరించుటయే యా గ్రంథపుఁ గడపటి ధైర్యము.

ఆఁడువారి విషయమున నెక్కుడు తక్కువలు తలక్రిందగును. యోబు భార్యకుఁ బేరు లేదు. ఆమె పలికిన దొక్కమాట, దేవుని దూషించి చావుమని. దానిని బట్టి యామెను గయ్యాళి యని తీర్మానించుట వ్యాఖ్యాతలకు వాడుకయైనది. పదుగురు బిడ్డలను గోల్పోయిన తల్లి యామెయుఁ గదా యను తలఁపు వారికి రాలేదు. చంద్రమతి యట్లుగాదు. కథాభారము సగ మామె మోసెను. తన్నమ్ముమని భర్తకు మొదటఁ జెప్పినది యామెయే. అడవినుండి కొడుకు శవమును రాత్రివేళ నొంటరిగాఁ గాటికిఁ దెచ్చినది యామెయే. తెలుఁగు జనులు హరిశ్చంద్రనాటకమున రేయెల్ల మేలుకొని కాటిఘట్టమునకై కాచియుండుట కామె శోకమే ముఖ్యకారణము.

సర్వస్వము పోవుట యొక్కటియే సామ్యమైనచో నలునకును నదియే కలదు. మల్లారెడ్డి పుస్తకముననే హరిశ్చంద్రుని ప్రక్కను నలుఁ డున్నాఁడు. కాని నలుని యోబుతో నెవరును బోల్చరు. ఏలయన నలుఁడు జూదమాడి పోఁగొట్టుకొనెను. హరిశ్చంద్ర యోబులకు నిజమైన సామ్యము వారి నష్టములలోఁ గాక, వారిని వెన్నాడినవారిలోఁ గలదు.

నక్షత్రకుఁడు తెలుఁగువారి నాలుకపై సామెతయైనాఁడు. ఋణమునకై వదలక వెంటఁదగులువానిని నక్షత్రకుఁ డనుట నేఁటికిని వాడుక. వానికిఁ గావలసినది ధనమని పైకిఁ దోఁచును. వాని గురువునకుఁ గావలసినది ధనము గాదు. ఇచ్చితి నన్న మాట యబద్ధమని యొక్కసారి యనిపింపవలెను, అంతే. ఆ యొక్కమాటకు రాజ్యము మరల వచ్చును, ఆలుబిడ్డలు మరల వత్తురు. యోబు నొద్దకు వచ్చిన యెలీఫజు, బిల్దదు, జోఫరు అను మువ్వురు మిత్రులు మంచివారే. ఏడు రాత్రింబవళ్లు నేలపైఁ గూర్చుండి యొక్కమాటయైనఁ బలుకక యాతని దుఃఖమును బంచుకొనిరి. వా రందాఁక చేసినంత మేలు మాటలాడిన పిదపఁ జేయలేదు. నోరు తెఱచిన తరువాత వారి వాదమంతయు నొక్కటియే: దేవుఁడు న్యాయవంతుఁడు, నీవు బాధపడుచున్నావు, కావున నీవు పాపము చేసితివి, ఒప్పుకొనుము, మేలు కలుగును. చేయని పాపమును జేసితినని యొప్పుకొమ్మనుట బొంకు మనుటయే. యోబు బొంకలేదు. ప్రాణమున్నంతదాఁక తన నోట నసత్యము రాదనియుఁ, దన నిర్దోషత్వమును విడువననియుఁ జెప్పెను.

నక్షత్రకుఁడును, ఈ మిత్రులును గోరిన దొక్కటే యని యిందువలన నేర్పడుచున్నది. ఉన్నమాటను లేదనుమని యొకఁ డడుగఁగా, లేని పాపము నున్నదనుమని మువ్వు రడిగిరి. యోబును మన సత్యవ్రతుల పంక్తిలోఁ గూర్చుండఁబెట్టఁదగినచో నిందుకు, నింతమాత్రమునకే. ఓర్పునకుఁ గాదు. యోబు ఓర్పరి యనుట మొదటి రెండధ్యాయములు చదివి పుస్తకము మూసినవారి మాట. నలువదిరెండధ్యాయముల గ్రంథమున మూఁడవ యధ్యాయము మొదలుకొని యాతఁడు తన పుట్టినదినమును శపించును, దేవుని వ్యాజ్యెమునకుఁ బిలుచును, ఇరువురి నడుమఁ దీర్పుచెప్పు మధ్యవర్తి లేఁడే యని వాపోవును. హరిశ్చంద్రుఁడు విధిని దూఱెనుగాని విశ్వామిత్రునిఁ దూఱలేదు. సుడిగాలినుండి పలికిన దేవుఁడు యోబు ప్రశ్నకు బదులీయక, భూమికిఁ బునాదులు వేయునాఁడు నీ వెక్కడ నుంటివని యెదురు ప్రశ్నలు గురిపించెను. యోబు ధూళిలోను బూడిదలోను లొంగెను. అంత జరిగియు దేవుఁడు కోపించినది యోబుమీఁదఁ గాదు, తన పక్షమున వాదించిన మిత్రులమీఁద! యోబువలె వారు తన్నుగూర్చి యుక్తముగాఁ బలుకలేదని తీర్పుచెప్పెను. దేవుని రక్షించుటకై పలికిన యబద్ధముకంటె దేవునిమీఁది నిజమైన ఫిర్యాదు మేలని దీని భావము. ఇట్టి తీర్పును బవిత్రగ్రంథమునఁ జేర్చుకొన్న జాతి తెగువను మెచ్చుకొనకతీఱదు.

ఆ తీర్పు యూదాచార్యులను జిరకాలము కలఁతపెట్టెను. యోబు ప్రేమచేతనే దేవుని సేవించెనని యెహోషువ బెన్ హిర్కానసు బోధించెను. అది విని మఱియొక యెహోషువ, యోబు భయముచే సేవించెనని యావజ్జీవము బోధించిన యోహానాన్ బెన్ జక్కై కన్నులనుండి దుమ్ము తుడుచువా రెవరని యాశ్చర్యపడెను. ఇది మిష్నాయందున్నది. తల్మూదున మఱియొక చర్చ కలదు: షెమూయేల్ బర్ నహ్మానీ యెదుట నొక శిష్యుఁడు యోబు అనువాఁడు పుట్టనే లేదు, అది యుపమానకథ యనెను. ఊజు దేశమున యోబు అనువాఁ డుండెనని యూరుపేళ్లతోఁ జెప్పియుండఁగా నెట్లనుచున్నావని గురు వడిగెను. అట్లైన నాతాను ప్రవక్త దావీదునకుఁ జెప్పిన పేదవాని గొఱ్ఱెపిల్ల కథయు జరిగినదేనా యని యెదురు వచ్చెను. పండ్రెండవ శతాబ్దిని మైమోనిదు యోబు కథను దృష్టాంతముగానే గ్రహించి, గ్రంథము యోబును నీతిమంతుఁ డన్నదిగాని జ్ఞాని యనలేదని సూక్ష్మముగాఁ జూపెను. రావా యను నాచార్యుఁడు యోబు పలుకులనుండి యొక న్యాయమునే తీసెను: బాధలో నున్నవాఁడు పలికిన పలుకులకు వానిని దోషిగా నెంచరాదు. కథనుండి విధి పుట్టుట యిట్లు.

అభియోక్త ప్రశ్నను మరలఁ దలఁపవలెను: ఫలము లేక ధర్మ ముండునా? శివధర్మోత్తరము వంటి గ్రంథములు ప్రతి ధర్మమునకును ఫలము చెప్పును. చెప్పకున్న సామాన్యజనులు చేయరు. ద్వితీయోపదేశకాండమును నాజ్ఞను బాలించినవారికి వానలు, బంటలు, దీర్ఘాయువు చెప్పినది. యోబు గ్రంథమా లెక్కపుస్తకమును జించివేసినది. జీతమునకై యజమానుని గొలుచు బంట్లవలె నుండకుఁడని సోకోవాఁడగు అంతిగోనసు బోధించెను. నిష్కామకర్మ మెఱిఁగిన మన పండితులకు నిది క్రొత్తగాఁ దోఁపదు. హరిశ్చంద్రుఁడు ఫలము నాశింపలేదు, కాని ఫలము వచ్చును. కథకు మంగళాంతము మనవారి నియమము.

ఇంతవఱకు యోబు. వైదిక హరిశ్చంద్రునకు సాటి వెదకినచో యోబు పనికిరాఁడు, అబ్రాహామును బిలువవలెను. వార్ధకమున దైవప్రసాదమునఁ గలిగిన కొడుకు ఇస్సాకును మోరీయా కొండమీఁద బలియిమ్మని దేవుఁ డాజ్ఞాపించెను. మూఁడుదినముల పయనము చేసి, కొడుకును గట్టి, కత్తి యెత్తఁగా దేవదూత వారించెను. పొదలో కొమ్ములు చిక్కిన పొట్టేలు బలియయ్యెను. యూదులు దీనిని అకేదా యందురు, బంధన మని యర్థము. సంవత్సరాది రెండవనాఁడు సమాజమందిరములందీ ఘట్టమును జదువుదురు. ఈ పరీక్షకు ముందును సాతాను నభియోగ మొకటి యుండెనని తల్మూదు చెప్పుటచే యోబు కథయు నబ్రాహాము కథయు నొకే తీరున నల్లుకొన్నవి. శునశ్శేపుఁడును బంధింపఁబడినవాఁడే. రోహితునకు మాఱుగా నూఱావులకుఁ గొనఁబడిన బ్రాహ్మణబాలుఁ డాతఁడు. పెద్దవానిని దండ్రి విడువఁడు, చిన్నవానిని దల్లి విడువదు, నడిమివాఁడు మిగిలెను. కట్టుటకు నూఱు, నఱకుటకు నూఱు నదనముగాఁ బుచ్చుకొని తండ్రి యజీగర్తుఁడే కత్తి నూఱుకొనివచ్చెను. బాలుఁడు దేవతలను స్తుతింపఁగాఁ గట్లు తెగెను. అచట దేవుఁడు గొఱ్ఱెను జూపెను. ఇచట బలికావలసినవాఁడు తన వాక్కుచేతనే విడివడెను. విశ్వామిత్రుఁ డాతనిని గొడుకుగా గైకొనెను. తండ్రి మరలఁ బిలిచినను బోలేదు.

ఎత్తిన కత్తి యాఁగుట తెలుఁగు హరిశ్చంద్రకథలోఁ గూడఁ గలదు. కాశీరాజపుత్రుని జంపెనను నపనిందపడిన చంద్రమతిని నఱకు పని కాటికాపరికే వచ్చెను. ఆతఁడు కత్తి యెత్తఁగా నది పూలదండయయ్యెను, విశ్వేశ్వరుఁడు ప్రత్యక్షమయ్యెను. అబ్రాహాము కత్తి యెత్తినది దేవుని యాజ్ఞకు, హరిశ్చంద్రుఁడు తన్నుఁ గొన్న వీరబాహుని యాజ్ఞకు. చండాలుని యాజ్ఞను దేవునాజ్ఞవలె నెంచుట మన కథలోని విశేషము. ఆ చండాలుఁడు ధర్మదేవత యను రహస్య మాతనికిఁ దెలియదు. ఇఁక శైవసంప్రదాయమున సిరియాలుని కథ వేఱు. పాల్కురికి సోమనాథుని బసవపురాణమునందును, శ్రీనాథుని హరవిలాసమునందును వెలసిన యా కథలోఁ గత్తి యాఁగదు. జంగమవేషమున వచ్చిన శివుఁడు బిడ్డమాంసము నడుగఁగాఁ దల్లిదండ్రులు నిజముగా వండి వడ్డింతురు. పిలువుమనఁగాఁ బిలుతురు, బిడ్డ వచ్చును. నరబలి నెంతమాత్రము నొప్పుకొనని యాజ్ఞలు గల యూదమతమునఁ గత్తి యాఁగకతీఱదు. చచ్చినవానిని లేపఁగల దైవముపై భారముంచిన శైవమున నాఁగ నక్కఱలేదు. ఈ కథలలో యూదులది శారాను విడిచినది. ఆదికాండమున నామె నెవరు నడుగలేదు. మఱుసటి యధ్యాయ మామె మరణముతో మొదలగును. కొడుకు బంధన వార్త విని యామె ప్రాణములు విడిచెనని తరువాతి యాచార్యులు చెప్పి యా వెలితిని బూరించిరి. సిరియాలుని యింట నాలిసమ్మతము లేక యేదియు జరుగదు.

అబ్రాహామును గట్టినది యాజ్ఞ. హరిశ్చంద్రుని గట్టినది తన మాట. ఈ భేదము చూపువాఁడు యెఫ్తా, యూదుల న్యాయాధిపతులలో నొకఁడు. జయము గలిగినచో నింటి తలుపునుండి యెదురువచ్చు దానిని బలియిత్తునని యాతఁడు మ్రొక్కెను. ఎదురు వచ్చినది యొక్కగానొక్క కూఁతురు. మాటయిచ్చితిని, వెనుదీయరాదనెను, కూఁతురును సమ్మతించెను. మన పురాణకర్త లీ కథను జెప్పియుండిన యెఫ్తాను హరిశ్చంద్రుని సరసఁ గూర్చుండఁబెట్టి, కడపట దేవతలచేఁ బూలవాన గురియించియుందురు. యూదాచార్యు లాతనిని గర్హించిరి. మ్రొక్కుబడిని దొలఁగించు నధికారము పండితునకుఁ గలదు. యాజకుఁడగు ఫీనెహాసు నాఁటికి నుండెను. నేను ప్రధానయాజకుఁడను, ఆ పామరునొద్దకుఁ బోదునా యని యాతఁడును, నేను సేనాపతిని, ఆతనియొద్దకుఁ బోదునా యని యెఫ్తాయు బిగిసిరి. ఇరువురి గర్వము నడుమ నా కన్య నశించెనని ఆదికాండవ్యాఖ్యయగు మిద్రాషున నున్నది. మనుష్యుఁ డాడిన మాట యెంత గొప్పదైనను దేవునాజ్ఞకు లోఁబడినదే యని వారి సిద్ధాంతము. వారును జాగరూకులే: మ్రొక్కుబడుల విమోచన మాకాశమున వ్రేలాడుచున్నది, దానికి శాస్త్రాధార మత్యల్పమని మిష్నాయే యొప్పుకొన్నది.

మనకు నట్టి విమోచకుఁడు లేఁడనుట సరిగాదు. బలిచక్రవర్తికి శుక్రాచార్యుఁడు చెప్పినదేమి? కొన్నియెడల బొంకిన దోషము లేదని శాస్త్రము చూపెను. బలి వినలేదు, పోతన భాగవతమున నెల్లరు మెచ్చునది వినని బలినేగాని చెప్పిన శుక్రునిఁ గాదు. శుక్రునకు దక్కినది పోయిన కన్ను. కర్ణపర్వమున మాత్రము గతి మాఱినది. గాండీవము నితరుల కిమ్మన్నవానిని జంపుదునను తన ప్రతిజ్ఞచే నర్జునుఁడు ధర్మరాజుపైఁ గత్తి దూయఁగాఁ గృష్ణుఁడు సత్యము పలికి నరకమునకుఁ బోయిన కౌశికుని కథ చెప్పి, పెద్దను నిందించుటయే చంపుటతో సమానమని యుపాయము జూపి ప్రతిజ్ఞను దీర్చెను. ఫీనెహాసు చేయవలసి చేయని పని యిదియే. కావున మాట విడుపు తెలుఁగువారు చదువు గ్రంథములందును గలదు. కాని హరిశ్చంద్రుని కథ యా తలుపును దెలిసియే మూసినది. అతనియొద్ద శుక్రుఁడు గాని కృష్ణుఁడు గాని లేఁడు, విడిపించువాఁడు వచ్చినను వినెడివాఁడు గాఁడు. అందువలననే యోబుతో నాతని సరిపోల్చి ముగించుట చాలదు: నిజము విడువనియెడ యోబు, కత్తి యెత్తినయెడ నబ్రాహాము, మాటకుఁ గట్టుపడినయెడ యెఫ్తా, మువ్వురును గావలెను; అందు మూఁడవవానిని యూదులు నిందించిరి, మనవారు పూజించిరి.

కథాంతమున మార్కండేయపురాణము చెప్పునది యింకొకటి కలదు. యోబునకు మేలు మరలినది తన్ను బాధించిన మిత్రులకొఱకుఁ బ్రార్థించినప్పుడు. అబ్రాహాము తన కొడుకుకొఱకు నొక్కమాటయు నాడకున్నను, బరాయివారి సొదొమకొఱకు దేవునితో వాదించి, యేఁబదుగురు నీతిమంతు లున్నచో నను మాటను బదుగురదాఁకఁ దగ్గించుకొనివచ్చెను. స్వర్గమునకు రమ్మని యింద్రుఁడు పిలువఁగా హరిశ్చంద్రుఁడు మొదట తన యజమానుఁడగు చండాలుని సెలవు లేక రానెను. ఆ చండాలుఁడు ధర్ముఁ డని తెలిపిన పిమ్మటను గదలలేదు. కోసలప్రజలు తనకై శోకించుచున్నారనియు, వారిని విడిచి రాననియుఁ జెప్పి, తా నొక్కఁడు చిరకాల మనుభవింపవలసిన పుణ్యఫలము వారితోఁ గూడి యొక్క దినమే యైనను జాలునని యింద్రుని గోరెను.